వెండి నానోతీగలు: కంటికి కనరాని తీగపని

కరీంనగర్ వెండి తీగపనిని ఎరుగని తెలుగువారు అరుదు. పెండ్లికి బహుమతిగా వచ్చిన కుంకుమభరిణె కావచ్చు, పన్నీటి బుడ్డి కావచ్చు, సముద్రాలు దాటి వచ్చిన మన ఇళ్ళలోని అద్దాల బీరువాలలో అటువంటి వస్తువు ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. వెండిని సన్నని తీగగా సాగదీసి, మెలిపెట్టి, లతలుగా, పువ్వులుగా వంచి, ఒకదానితో ఒకటి అతికి చేసే పని అది. ఈసారి ఆ వస్తువును చేతిలోకి తీసుకొని దీపానికి ఎదురుగా పట్టి చూడండి. రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, తీగల సందులలో నుండి వెలుగు ఇవతలికి వస్తున్నది. రెండు, ఈ అంచు నుండి ఆ అంచు వరకు లోహం ఎక్కడా తెగలేదు. కావున ఒక అంచున విద్యుత్తును అందిస్తే అది రెండవ అంచుకు చేరుతుంది.

వెలుగును, విద్యుత్తును రెండింటినీ పోనిచ్చే ఈ గుణమే నేటి చేతిఫోనులకు, టెలివిజన్ తెరలకు, సౌరఘటాలకు ప్రాణం. అయితే మన తీగపని కన్ను పోల్చగలిగినంత ముతకది. తెర మీద ఆ తీగలు కనిపిస్తే అక్షరాలు చదవలేము. తీగ మందం వెంట్రుకలో వెయ్యవ వంతు కంటె సన్నమైతే? అప్పుడు కన్ను తీగను చూడలేదు, విద్యుత్తు మాత్రం దారి తప్పదు. వెండి నానోతీగల కథ అంతా ఈ ఒక్క ఆలోచనలో ఇమిడి ఉన్నది.

గాజు ఒక తీరు, లోహం ఒక తీరు

సాధారణంగా పారదర్శకత, వాహకత ఒకచోట ఇమడవు. లోహంలో విద్యుత్తును మోసేవి స్వేచ్ఛగా తిరుగాడే ఎలెక్ట్రాన్లు. వెండిలో ఒక ఘన సెంటీమీటరుకు ఇవి సుమారు 60 కోట్ల కోట్ల కోట్లు, అనగా 6 పక్కన 22 సున్నలు. కాంతి తరంగం వచ్చి తాకగానే ఈ ఎలెక్ట్రాన్ల గుంపు దానితోపాటు ఊగి, దానిని వెనుకకు త్రిప్పికొడుతుంది. అద్దం వెనుక వెండి పూత పూయడంలోని రహస్యం ఇదే. గాజులోనైతే ఎలెక్ట్రాన్లు పరమాణువులకు కట్టుబడి ఉంటాయి. కాంతిని అడ్డుకొనేవారు లేరు, విద్యుత్తును మోసేవారూ లేరు.

ఈ రెండింటికి మధ్య ఒక సన్నని దారి ఉన్నది. స్వేచ్ఛా ఎలెక్ట్రాన్ల సంఖ్యను లోహంలో ఉన్నదానికంటె పదుల రెట్లు తగ్గిస్తే, అవి కంటికి కనిపించే కాంతిని వదలివేసి, దానికంటె నిదానంగా కంపించే పరారుణ కిరణాలను మాత్రమే త్రిప్పికొడతాయి. 1907లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ బెడెకర్ కాడ్మియం ఆక్సైడ్ పలుచని పొర ఇటువంటి ఫలితాన్ని ఇస్తుందని చూపాడు. పారదర్శక వాహకాల చరిత్రకు అదే నాంది. తరువాతి కాలంలో ఆ స్థానాన్ని ఆక్రమించినది ఇండియం టిన్ ఆక్సైడ్. ఇకమీదట దీనిని ఐ.టి.ఓ. అని పిలుద్దాము. దీనిలో బరువు ప్రకారం సుమారు 90 పాళ్ళు ఇండియం ఆక్సైడ్, 10 పాళ్ళు తగరపు ఆక్సైడ్ ఉంటాయి.

రంగులు తెలియని ఆచార్యుడు కనుగొన్న లోహం

ఇండియం పేరు వెనుక ఒక ముచ్చట ఉన్నది. 1863లో జర్మనీలోని ఫ్రైబెర్గ్ పట్టణంలో ఫెర్డినాండ్ రైక్ అనే ఆచార్యుడు జింకు ఖనిజాలను పరీక్షిస్తూ, అందులో థాలియం ఉన్నదేమోనని వెదుకుతున్నాడు. ఖనిజాన్ని మంటలో వేడిచేసి, వెలువడే కాంతిలోని రంగుల గీతలను చూడాలి. కాని రైక్ కళ్ళకు రంగుల తేడా తెలియదు. అందుచేత థియోడర్ రిక్టర్ అనే సహాయకుని చేత చూపించాడు. రిక్టర్‌కు అంతకు ముందు ఎవరూ చూడని ముదురు నీలి గీత కనిపించింది. ఆ నీలిమందు రంగును బట్టి కొత్త మూలకానికి ఇండియం అని పేరు పెట్టారు. నీలిమందుకు యూరప్ భాషలలో ఉన్న పేరుకు అర్థం ‘భారతదేశపుది’ అని. మచిలీపట్నం కలంకారీ అద్దకాలలో వాడిన నీలిమందే అది. ఈ విధంగా మన దేశపు పేరు పరోక్షంగా ప్రతి ఫోను తెరలోనూ దాగి ఉన్నది.

వేలితో తాకి నడిపే తెరకు ఈ పొరే ఆధారం. 1965లో ఇంగ్లండులోని మాల్వెర్న్‌లో రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్‌కు చెందిన ఇ. ఎ. జాన్సన్ ఇటువంటి తెరను గూర్చి తొలిసారి ప్రకటించాడు. నేటి ఫోను తెరలలో పారదర్శక వాహకంతో గీసిన అడ్డు, నిలువు పట్టీలు ఉంటాయి. అవి కలిసే ప్రతి కూడలిలోను కొద్దిపాటి విద్యుదావేశం నిలువ ఉంటుంది. మన శరీరం కూడా వాహకమే గనుక, వేలు దగ్గరకు రాగానే ఆ నిలువ కొద్దిగా మారుతుంది. ఏ కూడలిలో మారినదో కనిపెట్టి ఫోను మన ఆజ్ఞను గ్రహిస్తుంది. ఉన్ని చేతితొడుగు వేసుకొన్న వేలిని ఫోను గుర్తించకపోవడానికి కారణం కూడా ఇదే.

చదరానికి ఇన్ని ఓంలు

ఇక్కడ ఒక కొలతను తెలుసుకోవాలి. పలుచని పొర విద్యుత్తును ఎంత అడ్డుకొంటుందో చెప్పడానికి ‘పొర నిరోధం’ అనే మాట వాడుదాము. దానిని చదరానికి ఇన్ని ఓంలు అని చెబుతారు. ఎంత పెద్ద చదరం అని అడగవలసిన పని లేదు. చదరం పొడవును రెట్టింపు చేస్తే నిరోధం రెట్టింపు అవుతుంది. వెడల్పును కూడా రెట్టింపు చేస్తే తిరిగి సగమవుతుంది. కావున తపాలాబిళ్ళంత చదరమైనా, తలుపంత చదరమైనా ఒకే పొరకు నిరోధం ఒకటే.

ఫోను తెరకు చదరానికి నూరు ఓంల ప్రాంతంలో ఉన్నా పని జరుగుతుంది. సౌరఘటంలోను, తానే వెలిగే తెరలోను నిజమైన విద్యుత్ప్రవాహం నడవాలి గనుక పది ఓంల ప్రాంతంలో ఉండాలి. గాజు మీద పరచిన మంచి ఐ.టి.ఓ. పొర నూటికి 90 వంతుల కాంతిని పోనిస్తూ ఈ పది ఓంలను అందిస్తుంది. దీనితో పోటీకి దిగడం సులభం కాదు.

మరి చిక్కు ఎక్కడ?

మొదటి చిక్కు పెళుసుతనం. ఐ.టి.ఓ. పింగాణీ జాతికి చెందినది. నూటికి రెండు మూడు వంతులు సాగితే చాలు, పగుళ్ళు వస్తాయి. ఒక మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు మందం, అనగా 125 మైక్రాన్లు ఉన్న ప్లాస్టిక్ రేకు మీద ఈ పొర ఉన్నదనుకొందాము. దానిని 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వంచితే పైతలం ఎంత సాగుతుంది? మందంలో సగాన్ని వ్యాసార్ధంతో భాగించాలి: 62.5ను 2,500తో భాగిస్తే నూటికి రెండున్నర వంతులు. అనగా పెన్సిలును చుట్టినంత మాత్రాన పొర పగిలే దశకు చేరుతుంది. మడతపెట్టే తెరలకు ఇది పెద్ద ఆటంకం.

రెండవది తయారీ. ఐ.టి.ఓ.ను శూన్యపు గదిలో, దిమ్మ నుండి పరమాణువులను ఎగురగొట్టి గాజు మీద వ్రాలేటట్లు చేసి పరుస్తారు. ఇది ఖర్చుతో కూడిన పని. మూడవది లభ్యత. భూమి పైపొరలో ఇండియం దాదాపు వెండి ఉన్నంత ఉన్నది. అయినా ఇండియం కోసమని ఎవరూ గని త్రవ్వరు. జింకును శుద్ధి చేసేటప్పుడు మిగిలినదానిలో నుండి దీనిని తీస్తారు. గిరాకీ పెరిగిందని జింకు గనులు రెట్టింపు కావు. అందుచేత ప్రపంచం మొత్తం మీద ఏటా శుద్ధిచేసే ఇండియం సుమారు వెయ్యి టన్నులు కాగా, గనుల నుండి వచ్చే వెండి సుమారు పాతిక వేల టన్నులు.

వెండినే ఎందుకు ఎన్నుకొన్నారు?

లోహాలన్నింటిలో విద్యుత్తును ఉత్తమంగా మోసేది వెండి. రాగి, బంగారం, అల్యూమినియం వరుసగా దాని తరువాతివి. అయితే వెండిని పొరగా పరిస్తే లాభం లేదు. మిఠాయి మీద అంటించే వెండి రేకు ఊదితే ఎగిరిపోయేంత పలుచనిదే, అయినా దాని గుండా చూడలేము. పది నానోమీటర్ల దాకా పలుచన చేస్తే కాంతి కొంత వస్తుంది గాని, అప్పుడు వెండి సమంగా పరచుకోక, తామరాకు మీది నీటిబొట్ల వలె విడివిడి ద్వీపాలుగా గుమిగూడుతుంది. ద్వీపాల మధ్య విద్యుత్తుకు వంతెన ఉండదు. కావున పొరను విడిచి తీగను ఆశ్రయించవలసి వచ్చింది. తీగకు మరొక మేలు కూడా ఉన్నది. పట్టుచీర జరీలో వెండి ఉన్నా, చీరను ఎన్నిసార్లు మడిచినా అది విరగదు. సన్నని లోహం వంగుతుంది, పింగాణీ వలె పగలదు.

ద్రావణంలో మొలిచే తీగలు

నానోతీగను కంసాలి వలె కమ్మచ్చులో నుండి లాగి తీయరు. అది ద్రావణంలో తానే పెరుగుతుంది. 2002లో అమెరికాలోని సియాటిల్ నగరంలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో యునాన్ షియా, యుగాంగ్ సన్ ప్రభృతులు చూపిన విధానం నేటికీ రాజమార్గంగా ఉన్నది. దానికి కావలసిన సరుకులు మనకు కొత్తవి కావు. ఒకటి సిల్వర్ నైట్రేట్. భారతదేశపు ఎన్నికలలో వ్రేలికి పెట్టే సిరాలో ఉండేది ఇదే. రెండవది ఎథిలీన్ గ్లైకాల్. చలిదేశాలలో కారు రేడియేటరులో నీరు గడ్డకట్టకుండా పోసేది. మూడవది పాలీవినైల్ పిరోలిడోన్ అనే పొడవాటి అణువు. గాయాలకు పూసే అయోడిన్ మందులో అయోడిన్‌ను పట్టి ఉంచేది. దీనిని పి.వి.పి. అందాము.

గ్లైకాల్‌ను సుమారు 160 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడిచేస్తే, దాని నుండి పుట్టిన పదార్థం వెండి అయాన్లకు ఎలెక్ట్రాన్లను ఇచ్చి వాటిని లోహంగా మారుస్తుంది. మొదట సూక్ష్మమైన విత్తనాలు ఏర్పడతాయి. వాటిలో కొన్ని, ఐదు చతుర్ముఖులు ఒక అంచు చుట్టూ చేరినట్లుగా ఉంటాయి. ఒక్కొక్క చతుర్ముఖి కోణం 70.5 డిగ్రీలు. ఐదు కలిస్తే 352.5 డిగ్రీలే వస్తుంది, వృత్తం పూర్తికావడానికి ఏడున్నర డిగ్రీలు తక్కువ. ఆ లోటును పూడ్చుకోవడానికి స్ఫటికం కొంత బిగువును భరిస్తుంది. అటువంటి విత్తనం నుండి మొలిచిన తీగ అడ్డుకోత గుండ్రంగా ఉండదు, పంచభుజి ఆకారంలో ఉంటుంది. పి.వి.పి. అణువులు తీగ ప్రక్క ముఖాలను గట్టిగా పట్టుకొని అక్కడ కొత్త వెండి చేరనివ్వవు. రెండు చివరలు మాత్రం తెరచి ఉంటాయి. పందిరి గుంజకు కట్టిన పాదు వలె తీగ పొడవుకే పెరుగుతుంది, లావెక్కదు.

ఇలా వచ్చిన తీగ మందం 30 నుండి 100 నానోమీటర్లు, పొడవు పదుల మైక్రాన్లు. 50 నానోమీటర్ల మందం, 20 మైక్రాన్ల పొడవు గల తీగను తీసుకొందాము. మందానికి పొడవు 400 రెట్లు. దానిని వ్రేలంత లావుగా, అనగా ఒక సెంటీమీటరు మందంగా ఊహిస్తే పొడవు నాలుగు మీటర్లు అవుతుంది.

సేమ్యా పాఠం

ఈ తీగలను ద్రవంలో కలిపి, ప్లాస్టిక్ రేకు మీద సిరా వలె పూసి ఆరబెడతారు. ఎవరూ వాటిని వరుసగా పేర్చరు. ఎటుపడితే అటు పడతాయి. మరి ఈ అంచు నుండి ఆ అంచుకు దారి ఏర్పడుతుందని నమ్మకమేమిటి?

పిల్లలతో కలిసి ఒక ప్రయోగం చేయండి. పెద్ద పళ్ళెంలో పొడవాటి సేమ్యా పుల్లలను ఒక్కొక్కటిగా చల్లుతూ పోవాలి. మొదట అన్నీ విడివిడిగా ఉంటాయి. తరువాత రెండు మూడు తాకుతూ గుంపులవుతాయి. ఒకానొక క్షణంలో, కేవలం మరికొన్ని పుల్లలు పడగానే, పళ్ళెం ఒక అంచు నుండి ఎదుటి అంచుకు పుల్ల మీది నుండి పుల్ల మీదికి వ్రేలితో నడచిపోగల దారి ఏర్పడుతుంది. అంతకు ముందు విద్యుత్తు సున్న. ఆ తరువాత ప్రవాహం. ఈ హఠాత్పరిణామాన్ని వివరించే గణితాన్ని 1957లో ఇంగ్లండులో బ్రాడ్‌బెంట్, హామర్‌స్లీ ప్రారంభించారు. పుల్లల విషయంలో ఆ గణితం తేల్చిన సూత్రం చాల చిన్నది: ఒక చదరపు ప్రమాణంలోని పుల్లల సంఖ్యను పొడవు వర్గంతో గుణిస్తే సుమారు 5.64 రావాలి.

దీని ఫలితం గమనించదగినది. అదే సేమ్యాను సగానికి విరిచి చల్లితే పుల్లల సంఖ్య రెట్టింపు అవుతుంది, పొడవు వర్గం నాలుగవ వంతు అవుతుంది. మొత్తం మీద లబ్ధం సగానికి పడిపోతుంది. అనగా తీగ ఎంత పొడవైతే అంత తక్కువ వెండితో పని జరుగుతుంది. తక్కువ వెండి అంటే తక్కువ నీడ, ఎక్కువ కాంతి.

ఇప్పుడు మన తీగతో లెక్క వేద్దాము. 20 మైక్రాన్ల పొడవుకు చదరపు మిల్లీమీటరులో సుమారు 14,100 తీగలు ఉంటే దారి ఏర్పడుతుంది. అప్పుడు తీగల నీడ వైశాల్యంలో నూటికి ఒకటిన్నర వంతు కూడా ఉండదు. ఒక్క దారి చాలదు, అనేక దారులు కావాలి గనుక ఐదు రెట్లు పరిచామనుకొందాము. నీడ నూటికి ఏడు వంతులు. వంద చదరపు సెంటీమీటర్ల ఫోను తెర మీద సుమారు 70 కోట్ల తీగలు ఉంటాయి. వాటిని కొసకు కొస చేర్చితే పొడవు 14 కిలోమీటర్లు, చార్మినార్ నుండి గోల్కొండకు పోయే దారి కంటె ఎక్కువ. మరి బరువు? మిల్లీగ్రాములో మూడు పదవ వంతులు మాత్రమే! అదే తెర మీద 150 నానోమీటర్ల ఐ.టి.ఓ. పొర ఉంటే, దానిలోని ఇండియం సుమారు 8 మిల్లీగ్రాములు.

ఇది కేవలం కాగితపు లెక్క కాదు. 2008లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పీటర్ ప్యూమన్స్, యీ త్సుయీ బృందాలు ఇటువంటి వల ఐ.టి.ఓ.తో సరితూగగలదని చూపాయి. 2009లో డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో జొనాథన్ కోల్‌మన్ బృందం 85 శాతం పారదర్శకతతో చదరానికి 13 ఓంలను సాధించింది.

కూడళ్ళను అతికే కాంతి

తీగ లోపల విద్యుత్తు హాయిగా పోతుంది. చిక్కంతా ఒక తీగ మరొకదానిని దాటే కూడలిలో ఉన్నది. పెరిగేటప్పుడు రక్షించిన పి.వి.పి. పొరే ఇప్పుడు రెండు వెండి తీగల మధ్య అడ్డుగోడ. కరీంనగర్ కళాకారుడు ప్రతి కూడలినీ టంకంతో అతుకుతాడు. ఇక్కడ కోట్లాది కూడళ్ళను అతకాలి.

కొద్ది నిమిషాలు సుమారు 200 డిగ్రీల వేడిలో ఉంచడం ఒక మార్గం. వెండి కరిగేది 962 డిగ్రీల వద్ద అయినా, ఇంత సన్నని తీగలో ఉపరితలపు పరమాణువులు ముందే కదులుతాయి. వేడి ఎక్కువైతే మాత్రం ముప్పు. కుళాయి నుండి జారే సన్నని నీటిధార బొట్లుగా విడిపోయినట్లే తీగ కూడా పూసలుగా తెగిపోతుంది. పైగా చాల ప్లాస్టిక్‌లు అంత వేడికి ఓర్వలేవు. 2012లో స్టాన్‌ఫర్డ్‌లో ఎరిక్ గార్నెట్, మార్క్ బ్రాంగర్స్‌మా తదితరులు చక్కని ఉపాయం చూపారు. ప్రకాశవంతమైన దీపపు కాంతిని వల మీద ప్రసరింపజేస్తే, రెండు తీగల మధ్యనున్న ఇరుకు సందులోనే కాంతి శక్తి కేంద్రీకృతమై అక్కడ మాత్రమే వేడి పుడుతుంది. అతుకు పడి సందు మూసుకోగానే ఆ కేంద్రీకరణ పోయి, వేడి తానంతట ఆగుతుంది. అతకవలసిన చోటే అతికి, అతికిన వెంటనే ఆగే కంసాలి ఈ కాంతి!

నలుపు, మసక, వేడి

పూజగదిలోని వెండి సామాను కొన్నాళ్ళకు నల్లబడుతుంది. గాలిలోని గంధక సమ్మేళనాలతో కలిసి సిల్వర్ సల్ఫైడ్ ఏర్పడడమే కారణం. దీపపు కుందె మీద అది పైపూత మాత్రమే, తోమితే పోతుంది. 50 నానోమీటర్ల తీగకు అదే పూత ప్రాణాంతకం. తోమడానికి లోపల మిగిలేదేమీ ఉండదు.

రెండవ లోపం మసక. సన్నని తీగలు కాంతిని కొంత చెదరగొడతాయి. ఎండలో ఫోను తెర పాలు కలిపినట్లు కనిపించవచ్చును. తీగను ఇంకా సన్నగా చేస్తే మసక తగ్గుతుంది. కాని వెండిలో ఎలెక్ట్రాను ఒకసారి ఢీకొని మరల ఢీకొనేలోగా సుమారు 50 నానోమీటర్లు పోతుంది. తీగ అంతకంటె ఇరుకైతే గోడలకు తగులుకొంటూ పోవాలి గనుక నిరోధం పెరుగుతుంది. ఒకటి పొందాలంటే ఒకటి వదులుకోవాలి. ఇదే మసక సౌరఘటానికి మేలు చేస్తుంది. చెదిరిన కాంతి ఘటంలో ఏటవాలుగా ఎక్కువ దూరం పోయి, ఎక్కువగా శోషింపబడుతుంది. అంతేకాక, ఐ.టి.ఓ. అడ్డుకొనే పరారుణ కిరణాలను కూడా ఈ వల పోనిస్తుంది.

మూడవది, అన్నింటికంటె గట్టిది, ప్రవాహం పుట్టించే వేడి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో ఖలీగ్, గోల్డ్‌థార్ప్ 2013లో ప్రకటించిన పరిశోధనలో, సేంద్రియ సౌరఘటం ఉత్పత్తి చేసే స్థాయి ప్రవాహాన్ని నిరంతరం నడిపితే వెండి వలలు రెండు రోజులలోనే పాడైన సందర్భాలున్నాయి. ఇంటికప్పు మీద పాతికేళ్ళు పనిచేయవలసిన సౌరఫలకానికి ఈ రెండు రోజులు ఎంత దూరం! అందుకే నేటి కృషి అంతా రక్షణ కవచాల మీద ఉన్నది. జింక్ ఆక్సైడ్, అల్యూమినియం ఆక్సైడ్ వంటి పదార్థాలను కొన్ని పదుల నానోమీటర్ల మందాన తీగల మీద కప్పితే వేడికి, గంధకానికి ఓర్చుకొనే శక్తి ఎంతో పెరుగుతుంది.

తయారుచేసేవారి ఊపిరి

తెరను తాకే మనకు ఈ పదార్థాల వలన భయం లేదు. అవి పొరలలో బంధింపబడి ఉంటాయి. తయారుచేసేవారి సంగతి వేరు. ఐ.టి.ఓ. ధూళిని పీల్చిన ఒక యువకార్మికుడు ఊపిరితిత్తుల వ్యాధితో మరణించినట్లు 2003లో జపాన్ వైద్యులు ప్రకటించారు. అప్పటి నుండి ఇండియం కర్మాగారాలలో ధూళి నియంత్రణ కట్టుదిట్టమైనది. వెండి నానోతీగల విషయంలోనూ ఉదాసీనత పనికిరాదు. పొడవైన, సన్నని నార ఏదైనా ఊపిరితిత్తుల పైపొరలో చిక్కుకొంటే శరీరం దానిని తొలగించలేదు. ఆస్బెస్టాస్ నేర్పిన పాఠం ఇదే. సుమారు 5 మైక్రాన్లకు మించిన వెండి నానోతీగలు ఎలుకల ఛాతీపొరలో వాపును కలిగించాయని ఎడింబరో శాస్త్రజ్ఞులు 2012లో చూపారు. విద్యుత్తుకు మేలు చేసే పొడవే ఊపిరికి కీడు చేయగలదు. కావున ఈ తీగలను పొడిగా ఎగురనీయక ద్రవంలోనే ఉంచి పనిచేయాలి. వెండి అయాన్లు నీటిలోని జీవులకు హానికరం గనుక, వాడిన నీటిని కూడా శుద్ధి చేయకుండా వదలరాదు.

ముగింపు

గ్రాఫీన్, కార్బన్ నానోనాళాలు, వాహక పాలిమర్లు, ముద్రించిన లోహపు జాలీలు కూడా ఈ పందెంలో ఉన్నాయి. ఐ.టి.ఓ. సింహాసనం దిగలేదు. గాజు మీద, చదునైన చోట దానికి సాటి తక్కువ. వంగే చోట, పెద్ద విస్తీర్ణాన్ని తక్కువ ఖర్చుతో పూయవలసిన చోట మాత్రం వెండి వలకు తావు దొరికింది. కొన్ని తాకుడు తెరలలో అది ఇప్పటికే వాడుకలోకి వచ్చింది. సౌరఘటాలలో దాని భవితవ్యం మన్నిక మీద ఆధారపడి ఉన్నది.

పండుగకు వెండి సామాను తోమేటప్పుడు పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకోండి. ఆ నలుపు ఎందుకు వచ్చిందో, తీగపని సందులలో నుండి వెలుగు ఎలా వస్తున్నదో, తాతమ్మతో మాట్లాడే ఫోను తెరకు దానితో ఉన్న సంబంధమేమిటో చెప్పండి. తీగలు తెగకుండా పాతికేళ్ళు నిలిచే వలను అల్లే పని ఇంకా మిగిలే ఉన్నది. ఆ పని చేయబోయేవారు ఈనాడు బడికి పోతున్న పిల్లలే.